గురువుగారి పక్కన రెండో వయొలిన్ వాయించడం ఎలా?

"వచ్చే నెల సోలో కచేరీలో నా పక్కన నువ్వూ కూర్చో" అని గురువుగారు అన్నారనుకోండి. ఆ రాత్రి నుంచే చాలామంది తమకు బాగా పట్టున్న రాగాలు తీసి, మూడో కాలంలో (బాగా వేగంగా) స్వరాలు దంచడం మొదలుపెడతారు. అది కాస్త ఆపండి. ఇలాంటి కర్ణాటక సంగీత కచేరీలో ముప్పాతిక భాగం వినేవాళ్లకు ఒకే వయొలిన్ వినబడాలి, కాకపోతే కొంచెం నిండుగా. మిగిలిన పావు భాగంలో, అదీ ఆయన చోటు వదిలినప్పుడు మాత్రమే, మీ వయొలిన్ విడిగా వినబడాలి. తోడు పెళ్లికొడుకు కూడా పీటల మీద కూర్చుంటాడు, కొత్తబట్టలు కట్టుకుంటాడు, తాళి మాత్రం కట్టడు కదా.

పరూర్ సుందరం అయ్యర్ పక్కన కొడుకు ఎం.ఎస్. గోపాలకృష్ణన్, లాల్గుడి జయరామన్ పక్కన కొడుకు కృష్ణన్, కూతురు విజయలక్ష్మి ఇలాగే కూర్చున్నారు. వాళ్లకు ఇంట్లోనే పగలూ రాత్రీ ఆ బాణీ చెవిన పడింది. వారానికి రెండు క్లాసులకు వెళ్లే మనకు ఆ వీలు లేదు. కాబట్టి ఆ తేడాని సాధనతో, కొంత తెలివితో పూడ్చుకోవాలి. ఇక్కడ రాసేది అందుకోసం. గాత్ర కచేరీకి పక్కవాద్యం వాయించే పద్ధతి వేరు, ఇందులో దాని జోలికి పోవడం లేదు.

1. ముందు శ్రుతి, తీగలు అడగండి

పాటల జాబితా కంటే ముందు అడగాల్సింది ఏ శ్రుతిలో వాయిస్తున్నారని. క్లాసులో ఒకటిన్నరలో చెప్పినా కచేరీకి రెండుకో రెండున్నరకో పెంచేవాళ్లున్నారు. హార్మోనియం లెక్కలో ఒకటి అంటే సి, రెండు అంటే డి, మూడు అంటే ఈ. మన వయొలిన్‌కి తీగలు స–ప–స–ప వరసలో కడతాం కాబట్టి, ఐదు శ్రుతి దగ్గర తీగలు ఇంచుమించు పాశ్చాత్యులు కట్టినంత బిగువుగా ఉంటాయి. రెండు శ్రుతికి దించేసరికి బాగా వదులవుతాయి.

ఆ వదులు దగ్గరే అసలు చిక్కు. వదులుగా ఉన్న తీగ మీద కమాను గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జరుగుతుంది. గురువుగారు లావు తీగలు, మీరు సన్న తీగలు వేసుకున్నారనుకోండి, మెల్లగా వాయించినంతసేపూ ఇద్దరూ కలిసే ఉంటారు. ఆయన ఊపు పెంచి, మీరూ పెంచిన మరుక్షణం మీ మంద్ర షడ్జం వెంట్రుకవాసి పైకి పోతుంది. వేళ్లు సరైన చోటే ఉన్నా అపశ్రుతి ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాదు. అందుకే ఆయన వాడే తీగల బ్రాండు, మందం కనుక్కుని అవే వేయించండి. ఖర్చు ఎక్కువైనా ఇక్కడ పొదుపు పనికిరాదు. కొత్త తీగలు కచేరీకి కనీసం నాలుగైదు రోజుల ముందు వేయండి, సాగాల్సినదంతా ఈలోపే సాగిపోతుంది. వానాకాలం దాటాక బిరడాలు (తీగలు బిగించే మరలు) జారుతుంటే, బిరడా తిరిగే చోట కాస్త సుద్దముక్క రుద్దితే పట్టు వస్తుంది.

రెండో ప్రశ్న: ఏ కృతులు, ఏ పాఠాంతరం (ఒకే కృతిని ఒక్కో చోట వేరుగా నేర్పే రూపం). "అన్నీ నీకు వచ్చినవే" అని ఆయన అన్నా వదలకండి. పల్లవికి ఎన్ని సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే తీరులు), ఒక్కోటి ఎన్నిసార్లు, చరణం చివర్న మళ్లీ అనుపల్లవి సంగతి వస్తుందా అన్నవి పుస్తకంలో రాసుకోండి.

2. ఇంట్లో: స్వరాలతో పాటు వేళ్లూ ఆయనవే

ఎక్కువ కాలం పట్టేది ఇదే, నెలలో సగం రోజులు దీనికే పోనివ్వండి.

అనుమతి తీసుకుని, క్లాసులో ఆయన వాయించిన ఒక కృతిని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవితో మీ వయొలిన్ వింటూ కలిసి వాయించండి. స్వరాలు కలుస్తాయి, తాళం కలుస్తుంది, అయినా ఎక్కడో గరగర ఉంటుంది. ఆ గరగర ఎక్కువగా గమకంలోనే, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులోనే ఉంటుంది.

ఉదాహరణకి తోడి గాంధారం తీసుకోండి. ఆ స్వరాన్ని ఒకేచోట నిలబెట్టం, రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకి ఊపుతాం. ఆ ఊపు ఆయన ఒకే వేలితో, తీగ వదలకుండా జారుగా తీస్తారనుకుందాం. మీరు అదే ఊపుని రెండు వేళ్లతో, ఒకటి నొక్కి మరొకటి ఎత్తుతూ తీస్తున్నారు. విడివిడిగా రెండూ తోడి గాంధారాలే, కలిపితే మాత్రం రెండు వయొలిన్లు పోట్లాడుకుంటున్నట్టుంటుంది. జారులో స్వరం మధ్యలో ఉన్న చోట్లన్నీ తాకుతూ పోతుంది, వేలు ఎత్తి పెట్టడంలో ఆ మధ్య భాగం ఉండదు. ఊపు వేగంలో తేడా అంత తేలిగ్గా తెలియదు. ఈ తేడా మాత్రం హాలు చివరి వరసదాకా వినబడుతుంది.

అందుకని రికార్డింగు ఒక్కటే చాలదు, ఆయన ఎడమచేతిని చూడాలి. ఏ స్వరం ఏ వేలితో మొదలవుతోంది, తారస్థాయికి వెళ్లేటప్పుడు చెయ్యి ఎక్కడ జరుగుతోంది, ఏ వాక్యం ఒకే తీగ మీద సాగుతోంది, ఏది రెండు తీగల మీద. కృతి సాహిత్యం కింద పెన్సిల్‌తో వేళ్ల అంకెలు వేసుకోండి. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది గాని, పెద్ద విద్వాంసుల శిష్యుల పుస్తకాల్లోనూ ఆ అంకెలుంటాయి.

కమాను కూడా అంతే. లాగుడు ఎటు మొదలైందో, ఒక లాగుడులో ఎన్ని స్వరాలు వస్తున్నాయో కలవాలి. రెండు కమాన్లు ఎదురెదురుగా పోతుంటే చూడ్డానికి బాగోకపోవడం ఒకెత్తు. కమాను తిరిగిన ప్రతిచోటా శబ్దంలో చిన్న నొక్కు పడుతుంది, ఆ నొక్కులు వేర్వేరు చోట్ల పడితే సాహిత్యం ముక్కలవుతుంది. సందేహం వచ్చినప్పుడు సాహిత్యం పాడుకోండి. మాట మధ్యలో కమాను తిప్పని గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఈ సమస్య సగం తీరినట్టే.

3. కూర్చోవడం, మైకు

కుడిచేతి వాటం మృదంగ విద్వాంసుడు ప్రధాన కళాకారుడికి కుడిపక్కన కూర్చుంటాడు, కుడిమూత సభవైపు తిరిగి ఉండాలి గనక. కాబట్టి మీ చోటు సాధారణంగా గురువుగారి ఎడమపక్క. మృదంగం ఎడమచేతి వాటమైతే ఇదంతా తారుమారవుతుంది. పళని సుబ్రహ్మణ్య పిళ్లై అంతటి విద్వాంసుడికి ఎడమచేతి వాటం వల్ల ఈ కూర్చునే చోటు దగ్గరే ఇబ్బందులు వచ్చాయి. ఎవరు వాయిస్తున్నారో ముందే కనుక్కుంటే వేదిక మీద లేచి సర్దుకునే పని తప్పుతుంది.

మధ్యలో మూరెడు దూరం వదలండి. ఎదురుగా చూస్తూ కాదు, కొంచెం ఆయనవైపు ఒరిగి కూర్చోండి. వయొలిన్ తల కుడిపాదం మీద ఆన్చి కూర్చుంటాం కాబట్టి మధ్యలో సర్దుకోవడం కష్టం, మొదటే సరిచూసుకోండి. తాళం వేయడానికి మనకు చేతులు ఖాళీ ఉండవు గనక చాలామంది విద్వాంసుల తాళం కాలి బొటనవేలిలో ఉంటుంది. ఆ వేలు మీకు కనబడే చోట కూర్చోవాలి. మీ బొటనవేలు మాత్రం కదలకూడదు, ఇద్దరి కాళ్లూ ఆడుతుంటే మృదంగం ఆయన దేన్ని చూడాలి?

సౌండ్ ఆయనతో కచేరీకి ముందే మాట్లాడుకోవాల్సింది మీరే, గురువుగారు కాదు. మీ మైకు ఆయన మైకు కన్నా కాస్త తగ్గి ఉండాలని, మీ ముందున్న మానిటర్‌లో తంబురా, గురువుగారి వయొలిన్ మాత్రమే రావాలని చెప్పండి. మీ వయొలిన్ మీకు గట్టిగా వినబడితే ఆయనది వినడం మానేస్తారు. ఆయన వయొలిన్‌కి అంటించే పికప్ వాడుతూ మీరు స్టాండు మైకు ముందు కూర్చుంటే నాదాలు కలవవు, ఇద్దరికీ ఒకటే రకం పెట్టమనండి. మైకులు లేని రోజుల్లో పెద్ద హాళ్లలో వినబడటం కోసం మైసూరు చౌడయ్య ఏడు తీగల వయొలిన్ తయారుచేయించుకున్నారు. ఇప్పుడు మన బాధ దానికి సరిగ్గా ఎదురు, తగ్గడం ఎలాగా అన్నది.

వేళ్లకు కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే ఎడమచేతికే, అదీ తడి తెలిసీ తెలియనంత. నూనె కమాను వెంట్రుకలకు తగిలిందా, ఆ సాయంత్రం అంతే సంగతులు.

4. వర్ణం

ఇక్కడ చెప్పేది పెద్దగా లేదు. కచేరీ మొదట్లో వచ్చే ఈ రచనని రెండు కాలాల్లోనూ (వేగాల్లోనూ) కలిసి వాయించండి. ఆయన ఎత్తుకున్న కాలప్రమాణం (వేగం) మీరు ఇంట్లో అలవాటు చేసుకున్నది కాకపోవచ్చు, మొదటి ఆవర్తనంలోనే (తాళం ఒక చుట్టు తిరిగేలోపే) సర్దుకోండి. చిట్టస్వరాలు (వర్ణంలో ముందే కూర్చి ఉన్న స్వరాల వరసలు) అయ్యేలోపు మీ శ్రుతి ఆయన శ్రుతితో సరిపోయిందో లేదో తేలిపోతుంది, వర్ణం అయ్యాక బిరడా తిప్పుకోవడానికి ఎవరూ ఏమీ అనుకోరు.

5. ఆలాపన: ఎప్పుడు మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఆలాపనలో, అంటే తాళం లేకుండా రాగాన్ని విస్తరించేటప్పుడు, ఆయన రాగం ఎత్తుకోగానే కమాను తీగ మీద ఉంచి, కదపకుండా ఉండండి. ఒళ్లో పెట్టుకోవద్దు. ఒళ్లో పెట్టుకుంటే మీరు లేనట్టు, పైగా అందుకోవాల్సి వచ్చినప్పుడు తడబడతారు.

మొదటి రెండు మూడు వాక్యాలకే రాగం తెలిసిపోయిందని ధీమా పడొద్దు. ఆరభి, దేవగాంధారి రెండింటికీ ఆరోహణ అవరోహణలు ఒకటే. నడకలో, గమకంలో వేరవుతాయి. ఆరభి చురుగ్గా, గమకం తక్కువగా నడుస్తుంది. దేవగాంధారి తాపీగా, ఊపుతో సాగుతుంది. దర్బారు, నాయకి కూడా ఇలాంటి జంటే, గగరిస, నినిదప అంటూ జంట పట్టులు తగిలేదాకా దర్బారు అని గట్టిగా చెప్పలేం. జాబితాలో పేరున్నా గురువుగారు వేదిక మీద మార్చేయవచ్చు, అది ఆయన ఇష్టం. తేలేదాకా షడ్జం, పంచమం తప్ప ఏదీ ముట్టుకోకండి.

ఆయన వాయిస్తుండగా వెనకే నీడలా ప్రతి వాక్యాన్నీ అనుసరించడం గాత్రానికి పక్కవాద్యం చేసేటప్పటి పద్ధతి. రెండు వయొలిన్లున్నప్పుడు అది గజిబిజి అవుతుంది. ఆయన ఒక స్వరం మీద నిలిచినప్పుడు మాత్రం అదే స్వరాన్ని కింది స్థాయిలో సన్నగా కలపండి. ఆయన కదలగానే మీరు ఆగండి.

మీ వంతు వచ్చిందని ఎలా తెలుస్తుంది? కొందరు తల ఊపుతారు, కొందరు ఓరగా చూస్తారు, కొందరు ఏమీ చేయరు, కమాను ఎత్తేస్తారంతే. మీ గురువుగారి పద్ధతి క్లాసులోనే కనిపెట్టి ఉంచుకోండి. వంతు రాగానే ఆయన ఆపిన స్వరం దగ్గరే ఎత్తుకోండి. ఆయన ఇంకా తారషడ్జం చేరకపోతే మీరు చేరకూడదు. ఆయన మధ్య పంచమం దాకా రాగాన్ని కట్టి మీకు ఇచ్చారంటే, ఆ మేరలోనే మీకు ఇల్లు కట్టుకోమని. నిడివి ఆయనదానిలో సగం లోపు. ఆయన ఎనిమిది నిమిషాలు వాయిస్తే మీకు మూడు నిమిషాలు పుష్కలం.

ఒకటి మాత్రం నా సొంత అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లుంటారు. రాగానికి ప్రాణం లాంటి ప్రయోగాన్ని ఆయన ఇంకా వాయించకుండా దాచిపెట్టి ఉంటే దాన్ని మీరు ముందు తీయొద్దు. కాంభోజిలో సనిపదస పట్టు ఆయన చివర్లో వేద్దామని ఉంచుకుని ఉంటారు. మీరు మధ్యలో వేసేస్తే చప్పట్లు మీకే వస్తాయి, రాగం మాత్రం అక్కడే చల్లారిపోతుంది.

6. కృతి: కొత్త సంగతి వచ్చిందా, ఒకసారి వినండి

సాధన చేసినవన్నీ ఒకటే వయొలిన్‌లా సాగిపోతుంటాయి. మూడో సంగతి తర్వాత ఆయనకు హఠాత్తుగా కొత్తది తోస్తుంది. మీ కమాను అదే క్షణంలో ఆగిపోవాలి. ఆ సంగతి పూర్తిగా వినండి. ఆయన దాన్ని మళ్లీ వాయిస్తే అప్పుడు కలవండి, మళ్లీ వాయించకపోతే తర్వాతి సంగతికి కలవండి. వింటూ వింటూ ఊహించి వాయించడానికి ప్రయత్నిస్తే సగం తప్పవుతుంది, ఆ సగం తప్పు ఆయన కొత్త సంగతిని కూడా పాడుచేస్తుంది. "ముందు విను, తరవాత వాయిద్దువుగాని" అని క్లాసుల్లో విసుక్కునే మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

చూపు ఎక్కడుండాలి? ఎడమచేతి వేళ్ల మీద కాదు, వేలు పడేసరికి స్వరం పలికేసి ఉంటుంది. కుడి మోచేతిని చూడండి. తీగ మారే ముందు మోచేయి ఎత్తు మారుతుంది, వాక్యం ఎత్తుకునే ముందు భుజం, ఊపిరి కదులుతాయి. ఆ కొద్దిపాటి ముందస్తు కబురే మీకు కలిసి మొదలెట్టడానికి చాలినంత వ్యవధి ఇస్తుంది.

చరణంలో అంతా పైస్థాయిలో ఉంటే కింది స్థాయిలో వాయించవచ్చా? ఆయనకు ఇష్టమైతేనే. కొందరికి ఆ నిండుదనం నచ్చుతుంది, కొందరు అది సాహిత్యాన్ని బరువెక్కిస్తుందంటారు. విజయనగరంలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) కమాను వినడం అలవాటైన చెవులు ఒక సన్నని నాదం చాలు అంటాయి. పాత ఆకాశవాణి రికార్డింగుల్లో వినండి, పొడుగాటి కమానుతో శబ్దం పెంచకుండా నిండుగా ఎలా పలికించారో తెలుస్తుంది. 1919లో అక్కడ మహారాజుల ప్రాపకంతో సంగీత కళాశాల మొదలైనప్పుడే ఆయన వయొలిన్ ఆచార్యుడిగా చేరారు.

7. కల్పనస్వరం: లెక్క మీ దగ్గర ఉండాలి

తాళంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లే ఈ భాగంలో విడివిడిగా వాయిస్తారు గనక పోయేది మీ పరువే. ఎత్తుగడ (తాళంలో పాట పంక్తి మొదలయ్యే చోటు) ఎక్కడుందో, సమంలోనా (తాళం మొదట్లోనా), అర అక్షరం తర్వాతా, ఒకటిన్నర తర్వాతా, లోపల కొట్టుకుంటూ ఉండాలి. మృదంగం మీద ఆధారపడొద్దు, మంచి మృదంగ విద్వాంసుడు అక్కడ కావాలనే తాళాన్ని దాస్తాడు.

గురువుగారు రెండు ఆవర్తనాలు వాయిస్తే మీకూ రెండే. ఆయన ధైవతం మీద ముగించి వదిలితే మీ జవాబూ ధైవతం మీదే ముగియాలి. తర్వాత తగ్గింపులు వస్తాయి: ఆవర్తనం, అర, పావు. అప్పుడు పోటీ మొదలవుతుంది, వినేవాళ్లు ముందుకు వంగుతారు. ఈ పోటీలో ఆయన వేసిన లెక్క కన్నా కష్టమైనది వేసే సరదా తీర్చుకోకండి. ఆయన అల్లికనే ఒక స్వరం మార్చి తిరిగివ్వండి, ఆ మార్పులోనే మీ తెలివి తెలుస్తుంది.

ముక్తాయింపు (మూడుసార్లు తిప్పి, లెక్కగా ఎత్తుగడకు చేరే ముగింపు) మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఎనిమిది అక్షరాల (తాళపు ఎంచుల) ఆదితాళంలో ఒక్కో అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి 32 మాత్రలు. ఎత్తుగడ సమంలో ఉండగా ఐదు మాత్రల 'తదిగిణతోం' మూడుసార్లు, ఎడం లేకుండా వేస్తే 15 మాత్రలు. అంటే 17 మాత్రలు గడిచాక, ఐదో అక్షరంలో రెండో మాత్రకు ఎత్తుకోవాలి. మధ్యలో ఒక్కో మాత్ర ఎడం వదిలితే మొత్తం 17 అవుతుంది, అప్పుడు 15 మాత్రల తర్వాత, నాలుగో అక్షరం చివరి మాత్రకు ఎత్తుకోవాలి. ఇలాంటివి పది నోట్లో ఆడుతుండాలి. గురువుగారు ముక్తాయింపుని మూడుసార్లు వాయిస్తుంటే మొదటిసారి వినండి, రెండోసారి కలవండి, మూడోసారి ఇద్దరి కమాన్లూ ఒకటే అయిపోవాలి.

8. తని ఆవర్తనంలో చేతులు కట్టుకోవద్దు

తని ఆవర్తనం అంటే మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, అప్పుడు వయొలిన్ పక్కన పెట్టి చేత్తో తాళం వేయండి. మృదంగం, ఘటం వాయించేవాళ్లకు కనబడేలా, గట్టిగా చప్పుడు చేయకుండా. నడక తిశ్రానికి (మూడేసి మాత్రల లెక్కకి) మారినప్పుడు మీ చేయి దాని వెంట పరిగెత్తకూడదు. చివరి పెద్ద ముక్తాయింపు మూడోసారి పడగానే గురువుగారు కృతి ఎత్తుకుంటారు. మీ వయొలిన్ మూడోసారి మొదలయ్యేలోపే ఒళ్లో ఉండాలి, అప్పుడు వెతుక్కుంటే కుదరదు.

9. తీగ తెగితే

ఆయన తీగ తెగిందనుకోండి. ఒక్కమాట మాట్లాడకుండా మీ వయొలిన్ ఆయన చేతిలో పెట్టండి. ఆయనది మీరు తీసుకుని, వేదిక మీదే వెనక్కి జరిగి తీగ మార్చండి. మొదట్లో తీగల మందం ఒకటే ఉండాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకు కూడా, మీ వయొలిన్ మీద ఆయన వేళ్లు అలవాటైన చోటే పడతాయి. అదనపు తీగల జత పెట్టెలో కాదు, మీ జేబులోనో పక్కనున్న సంచీలోనో ఉండాలి. మార్చిన తీగ పాట మధ్యలో కుదురుకోదు, అందుకని ఆ పాట అయ్యేదాకా వెనక్కివ్వకుండా, మధ్యమధ్య సన్నగా మీటి చూస్తూ శ్రుతి సరిచేస్తూ ఉండండి. మీ తీగే తెగితే ఆపేసి కూర్చోండి, ఆయన కచేరీకి ఏ లోటూ రాదు.

10. మర్నాడు

"ఎలా వాయించాను?" అని అడగొద్దు, "బాగానే ఉంది" అంటారు, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. రికార్డింగు తెచ్చుకుని ముందు ఒక్కరే వినండి, మీ వయొలిన్ విడిగా వినబడిన చోట్లన్నీ నిమిషాలతో సహా రాసుకోండి. వాటిలో ఏవి ఆయన మీకు ఇచ్చిన చోట్లు, ఏవి మీరు తీసుకున్నవి అన్నది గుర్తుపెట్టండి. తీసుకున్న వాటిలో ఒక్కటి ఎంచుకుని, "ఫలానా చరణంలో ఈ సంగతికి వేలు ఇలా పెట్టాను, మీరెలా పెట్టారు?" అని వయొలిన్ చేతికిచ్చి అడగండి. పెద్దవాళ్లు నోటితో చెప్పలేనివి వాయించి చూపిస్తారు, ఫోన్ రికార్డింగు నొక్కి ఉంచండి.